మగ్గము వెనుక నున్న పేరు

(పోచంపల్లి ప్రాంతమునందలి ఒక నేతపనివారల సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ప్రచార శాఖలో పని చేయువారము. పేరు తెచ్చిపెట్టుట మా ఉద్యోగము. పథకములకు పేరు తెచ్చుట, ప్రదర్శనములకు జనమును రప్పించుట, పత్రికలకు వార్తలు పంపుట మా దినచర్య. అయినను సొంత పేరును గూర్చి మాట్లాడవలసి వచ్చినపుడు మాకును కొంత బిడియము కలుగును. తన్ను తాను పొగడుకొనరాదని చిన్ననాడు ఇంటిలో నేర్చుకొంటిమి. మీలో ననేకులకు గూడ ఈ బిడియము కలదని అధ్యక్షులు నిన్న ఫోనులో చెప్పిరి. ఫోను ద్వారా పరిచయములు పెంచుకొనుట, వృత్తిలో పేరు సంపాదించుట అను విషయమును గూర్చి మాట్లాడుమని వారే కోరిరి.

ఉదయము ఇచ్చటికి వచ్చుచు త్రోవలో ఒక ఇంటి ముందు ఆగితిమి. గుంట మగ్గముపై ఒక పెద్దాయన పట్టుచీర నేయుచుండెను. వసారాలో ఆయన భార్య నూలుకు చిటికి కట్టుచుండెను. చీర అంచునకు వచ్చినది. చూడ ముచ్చటగా నున్నది. ఈ చీర ఎవరు కట్టుకొందురని అడిగితిమి. "ఏమో సారూ, సేటుకిస్తం. ఆడికెళ్లి యాడికి పోతదో మాకేం ఎరుక" అని ఆయన నవ్వెను. మీరు నేసిన చీర కట్టుకొన్నవారిలో మీకు తెలిసినవారెవరైన కలరా యని మరల అడిగితిమి. నాడె ఆగినది. కొంతసేపు ఆలోచించి, "మా బిడ్డ ఒక్కతే. దాని పెండ్లికి నేసిన" అని చెప్పెను.

ఆయన 40 సంవత్సరములుగా నేయుచున్నారట. ఆ మాట విన్న తరువాత మేము వ్రాసి తెచ్చుకొన్న ప్రసంగము మా సంచిలోనే ఉండిపోయినది. ఆ వసారాలో మాకు తోచిన నాలుగు మాటలే మీ ముందుంచుచున్నాము.

మీ ప్రాంతమునకు పేరు ఎట్లు వచ్చినదో ఒకసారి తలచుకొందము. 1951 ఏప్రిల్ 18వ తేదీన ఆచార్య వినోబా భావే పోచంపల్లికి వచ్చిరి. భూమిలేని దళిత కుటుంబములవారు తమకు 80 ఎకరములు కావలెనని అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇత్తునని చెప్పిరి. ఆనాడు చేతిఫోను లేదు, టెలివిజను లేదు. అయినను ఆ ఒక్క మాట దేశమంతట ప్రాకినది. ఊరి పేరు ముందు 'భూదాన్' అను మాట వచ్చి చేరినది. తరువాత 2004-05లో పోచంపల్లి ఇక్కత్తునకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. 2020లో పుట్టపాక తేలియా రుమాలునకును అట్టి గుర్తింపే లభించినది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ప్రపంచమునందలి ఉత్తమ పర్యాటక గ్రామములలో ఒకటిగా ఎన్నుకొన్నది.

ఊరికి పేరు వచ్చినది. బట్టకు పేరు వచ్చినది. నేసిన చేతికి మాత్రము, ఎవరో కొందరిని విడిచినచో, రాలేదు. తేలియా రుమాలు నేతకు గజం గోవర్ధన గారికి 2011లోను, ఆసు యంత్రమును నిర్మించిన చింతకింది మల్లేశం గారికి 2017లోను పద్మశ్రీ వచ్చిన సంగతి మీకు తెలియును. తక్కినవారి మాట యేమి? ఒకప్పుడు చీరాల నుండి తేలియా రుమాళ్ళు సముద్రము దాటి అరబ్బు దేశములకు పోయెడివి. వానిని తలకు చుట్టుకొన్న వర్తకునకు నేసినవాని పేరు ఎట్లు తెలియును? నేడు మీ చీర హైదరాబాదులో ఒక దుకాణపు అద్దముల వెనుక వ్రేలాడుచున్నను సంగతి అంతే.

అమెరికా దేశమున టాం పీటర్స్ అను రచయిత 1997లో ఒక వ్యాసము వ్రాసి, ప్రతి మనిషియు తానే ఒక బ్రాండు కావలెనని చెప్పెను. నాటి నుండి 'పర్సనల్ బ్రాండ్' అను మాట లోకమున చెల్లుబడి అయినది. మాకు ఆ మాట అంతగా నచ్చదు. బ్రాండు అనగా మొదట పశువునకు కాల్చి వేసెడి ముద్ర. మనిషి తనకు తాను వాత పెట్టుకొననేల? మన భాషలో 'పేరు' అను చక్కని మాట ఉన్నది. ఫలానావారి చేతి నేత అనిన చాలును, కొనువాడు రెండవ మాట అడుగడని పూర్వము సంతలో అనుకొనెడివారు. మేము చెప్పుచున్నది ఆ పేరును గూర్చియే. దానిని సంతకు ఆవలికి మోసికొనిపోవు బండి మాత్రమే ఫోను.

మొదట ఒక లెక్క చెప్పెదము. సభలలో ఈ లెక్కను ఎవరును చెప్పరు. యూట్యూబులో లక్షమంది, ఇన్‌స్టాగ్రాములో రెండు లక్షలమంది అనుచరులు కావలెనని పిల్లలు కలలు కనుచున్నారు. మీ ఇంట ఒక మగ్గము మీద సంవత్సరమునకు ఎన్ని చీరలు దిగును? చిటికి, రంగు, ఆసు, అల్లిక అన్నియు చూచుకొన్నచో, పట్టుబట్టి నేసినను పదుల సంఖ్యయే గాని వందలు కావు. ఏడాదికి 50 చీరలు నేయువానికి లక్షమందితో పని యేమి? మిమ్ము పేరుతో ఎరిగి, మీ మాట నమ్మి, ఇంటిలో శుభకార్యము వచ్చినపుడు మీకు ఫోను చేయు 200 కుటుంబములు ఉన్నచో మీ మగ్గము ఆగదు. 200 కుటుంబములు మన ఊరి పెండ్లికి వచ్చు జనము కంటె తక్కువ.

ఈ లెక్క తెలియక మేమే ఒకసారి భంగపడితిమి. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక చేనేత ప్రదర్శనమునకు ఫేస్‌బుక్కులో పుట తెరచితిమి. ప్రారంభోత్సవము, జ్యోతి వెలిగించుట, పూలదండలు, శాలువలు అన్నియు ఫోటోలు తీసి పెట్టితిమి. మెచ్చుకొన్నవారు వేలమంది. చివరి దినమున ఒక నేతన్న మా యొద్దకు వచ్చి, "ఫోటువల అందరున్నరు సారూ, చీర ఒక్కటే లేదు" అనెను. తిరిగి చూచుకొంటిమి. నిజమే, ఒక్కటియు లేదు. నాటి నుండి మేము పూలదండ ఫోటో తీయుటకు జంకుచున్నాము.

మరి ఏమి చూపవలెను? మీకు తెలిసినదే, ఇతరులకు తెలియనిది చూపవలెను. పట్టణమున నుండువారికి ఇక్కత్తు అనగా ఒక రకపు అచ్చు గుడ్డయని తలపు. నూలు నేయక ముందే కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, ఆ పోగులను మగ్గముమీద లెక్కగా కూర్చినచో రూపము తనంతట తేలునని వారెరుగరు. అంచులు కొంచెము చెదరినట్లుండుట లోపము గాదు, అదియే గుర్తు అనియు వారెరుగరు. మిల్లు గుడ్డపై ఇక్కత్తు బొమ్మ అచ్చు వేసి అమ్మువారు ఆ అజ్ఞానము మీదనే బ్రతుకుచున్నారు. మీరు ఫోను ముందు చీరను వెనుకకు త్రిప్పుడు. అసలు ఇక్కత్తునకు రెండు ప్రక్కల రూపము, రంగు ఒకటిగా నుండును. అచ్చు గుడ్డ సాధారణముగా వెనుక వెలవెలబోవును. ఇది చూపుటకు అర నిమిషము చాలును. ఆ అర నిమిషము చూచినవాడు మరల మోసపోడు. తన కన్ను తెరచినవానిని మరువడు.

ధర విషయమును అట్లే. చీర వెల వినగానే ఇంతయా అని ముక్కున వ్రేలిడుకొందురు. వారితో వాదింపకుడు, ఆసు చూపుడు. చేతితో ఆసు పోసెడి దినములలో ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటునిటు తిరుగవలెను. మల్లేశం గారు తల్లి భుజము నొప్పి చూడలేక ఏండ్ల తరబడి శ్రమించి 1999లో యంత్రము నిలబెట్టిరి; 2019లో ఆయన కథ సినిమాగా వచ్చినది. ఆ మేకుల చుట్టు దారము తిరుగుటను చూపి, ఆ సంఖ్య చెప్పి ఊరకుండుడు. బేరము దానంతట అది తగ్గును. ఇంకొక మాట: ధర దాచి 'ధరకు మెసేజి పెట్టుడు' అని వ్రాయు అలవాటు మాకు నచ్చదు. సంతలో కూర్చుండి వెల చెప్పని వర్తకుని యొద్ద ఎవరు నిలుతురు?

వీడియో తీయుటకు పెద్ద కెమెరా అక్కరలేదు. ఉదయపు ఎండ పడు కిటికీ చాలును. సినిమా పాట చేర్చవలదు. హక్కుదారులు అభ్యంతరము చెప్పిన ఆ వీడియో గొంతు మూయబడును. మగ్గపు చప్పుడే మీ పాట. మొదటి మాటలలోనే పేరు, ఊరు చెప్పుడు. చిటికి కట్టిన ఇల్లాలి పేరు గూడ చెప్పుడు. ఇది మరువరాదు. ఇక్కత్తులో సగము పని స్త్రీల చేతులమీద జరుగుచున్నది, పేరు మాత్రము మగవానికే పోవుచున్నది. సేటు పేరు క్రింద నేతగాని పేరు మునుగుచున్నదని మనము బాధపడుచున్నాము. మన పేరు క్రింద మన ఇంటిదాని పేరు మునుగవచ్చునా?

యాస గూర్చి సిగ్గుపడవలసిన పని లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుండి 2012లో మొదలైన 'మై విలేజ్ షో' యూట్యూబులో తమ ఊరి మాటనే మాట్లాడినది. ఆ ఊరి గంగవ్వ గారు పొలము పని, బీడీల పని చేసిన ఇల్లాలు. ఆమె మాట తీరు వలననే తెలుగువారున్న దేశములన్నిట ఆమె పేరు తెలిసినది. 2020లో టెలివిజను వారి పెద్ద ఆట 'బిగ్ బాస్'లోనికి ఆమెను పిలిచిరి. అందరు గంగవ్వలు కాజాలరు, కానవసరము లేదు. పట్నపు మాట అరువు తెచ్చుకొన్నవారి కంటె సొంత మాట పలికినవారిని జనము త్వరగా నమ్ముదురని మాత్రము దాని వలన తెలియుచున్నది.

నమ్మకము ఎట్లు కలుగునో ఒక ఉదాహరణము చెప్పెదము. మాకు తెలిసిన ఒక యువకుడు అమెరికాలో నున్న ఒక తెలుగు ఇల్లాలికి వాట్సాపులో చీర చూపెను. ఆమె డబ్బు పంపబోవు సమయమున, కొంగు దగ్గర ఒక పోగు తప్పినదని ఆ చోటనే ఫోటో తీసి పంపెను. తండ్రి కోపించెను, ఎవరికి కనబడును, ఏల చెప్పితివి అనెను. ఆమె ఆ చీరనే కొన్నది. కొన్న తరువాత తమ ఊరి తెలుగు కుటుంబముల గుంపులో ఆ పోగు తప్పిన ఫోటోనే పెట్టి, ఇట్లు చెప్పు నేతగాడు దొరకెనని వ్రాసెను. ఆ సంవత్సరము శ్రావణమాసమునకు వచ్చిన ఆర్డర్లు అతని మగ్గము తీర్చలేకపోయినది. అపుడు ప్రక్క ఇంటివారికి పని ఇచ్చి, నేసినది తాను గాదని, ఫలానావారని ఆ చీరల మీద వ్రాసి పంపెను. ఈ రెండవ పని మొదటి పని కంటె గొప్పదని మా అభిప్రాయము.

ఫోనులో రంగు ఒకటి, చీరలో రంగు ఒకటి కనబడును. అది ముందే చెప్పవలెను. మొదటి ఉతుకున రంగు దిగునా దిగదా, అదియు చెప్పవలెను. చెప్పనివానికి ఒక్క చీర అమ్ముడుపోవును, అంతే.

ఇక పరిచయముల సంగతి. ఇది చదువుకొన్న మా తమ్ముళ్ళు, చెల్లెండ్రు శ్రద్ధగా వినవలెను. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అను సమాజ శాస్త్రజ్ఞుడు ఉద్యోగములు ఎవరి ద్వారా దొరకుచున్నవని కొందరిని విచారించి 1973లో ఒక వ్యాసము ప్రకటించెను. తెలిసినవారి మూలమున ఉద్యోగము దొరకినవారిలో, తరచుగా కలిసెడి దగ్గరివారి వలన దొరకినది నూటికి సుమారు 17 మందికే. తక్కినవారికి ఎప్పుడో ఒకప్పుడు కలిసెడి దూరపు పరిచయస్థుల వలన దొరకినది. 2022లో లింక్డ్‌ఇన్ అను ఉద్యోగముల వేదికపై 2 కోట్ల మందికి పైగా జనముల పరిచయములను పరిశీలించి చేసిన అధ్యయనము కూడ ఇంచుమించు ఇదే చెప్పినది: మరీ దగ్గరివారు గాదు, మరీ పరాయివారు గాదు, కొంచెముగా తెలిసినవారు ఎక్కువ ఉపకరింతురు.

ఇది మనకు కొత్త సంగతి గాదు. పెండ్లి సంబంధములు ఎట్లు వచ్చునో చూడుడు. మన ప్రక్క ఇంటివారికి తెలిసిన వరులు మనకును తెలిసినవారే. మేనత్త తోడికోడలి అన్నగారు ఏదో తిరునాళ్ళలో కలిసి చెప్పిన సంబంధమే కుదురును. దగ్గరివారికి మనకు తెలిసినదే తెలియును. దూరపువారికి మనకు తెలియనిది తెలియును. కావున బట్టల నమూనాలు గీయువారు, చేనేత చదువుల విద్యార్థులు, దుకాణముల వారు, ఇతర నేత ఊళ్ళవారు, ఒకసారి ప్రదర్శనములో కలిసినవారు, వీరి పేర్లను పోగొట్టుకొనరాదు. సంవత్సరమునకు రెండుసార్లు కుశలమడిగినచో చాలును. ప్రతి దినము 'శుభోదయము' అని పూల బొమ్మ పంపుట కుశలమడుగుట గాదు. అట్టి బొమ్మలు పంపువారి సందేశములను మేము చదువము. మీరును చదువరని మాకు తెలియును.

లింక్డ్‌ఇన్‌లో పేరు నమోదు చేసికొన్న మీ ఊరి పిల్లవాని పుటను మొన్న చూచితిమి. డిప్లొమా చదివినాడు. 'కష్టపడు స్వభావము, నేర్చుకొను ఆసక్తి' అని వ్రాసికొన్నాడు. ఆ మాటలు అందరి పుటలలోను ఉండును. తండ్రి గీసిన పాత నమూనాలను తాను కంప్యూటరులో ఎక్కించి, కట్టవలసిన పోగుల లెక్క తయారు చేసినాడని అతని చెల్లెలు చెప్పగా మాకు తెలిసినది. అదేల వ్రాయలేదని అడుగగా, "అది ఇంటి పని కదా సార్" అనెను. ఆ ఇంటి పనిని రెండు ఫోటోలతో పెట్టుమని చెప్పితిమి. ఏమగునో మేము చెప్పజాలము. అది చదివినవానికి ఇతడెవరో తెలియునని మాత్రము చెప్పగలము.

ఇపుడు జాగ్రత్తలు. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వము టిక్‌టాక్‌తో కూడ 59 యాపులను నిషేధించినది. నిషేధపు మంచి చెడ్డలు నేటి విషయము గాదు. కాని ఆ వేదికపై పేరు సంపాదించుకొన్న పల్లెటూరి కళాకారులకు, చిరు వ్యాపారులకు తమ అనుచరులతో గల సంబంధము ఉన్నట్టుండి తెగిపోయినది. ఎవరి చిరునామాయు వారి యొద్ద లేదు. పరాయి స్థలములో పందిరి వేసికొనవచ్చును గాని దానిని ఇల్లు అనుకొనరాదు. అందుచేత ఒక నోటు పుస్తకము కొనుడు. కొన్నవారి పేరు, ఊరు, ఫోను నంబరు, ఏ చీర, ఏ రంగు, ఏ శుభకార్యమునకు, ఇవి వ్రాయుడు. మీ నంబరును వారి ఫోనులో వ్రాసికొనుమని కోరుడు. వాట్సాపు బ్రాడ్‌కాస్టు జాబితా ద్వారా పంపిన సందేశము మీ నంబరు దాచుకొన్నవారికే చేరును. ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము మీరు పెట్టినదానిని మీ అనుచరులందరికి చూపవు. జనము ఎచట ఆగి చూచుచున్నారో గమనించి, దానినే మరికొందరికి చూపును. ఆ లెక్క నేడొక విధముగ, రేపొక విధముగ మారును. మీ పుస్తకములోని పేర్లు మారవు.

డబ్బు ఇచ్చినచో పదివేల మంది అనుచరులను తెత్తుమని కొందరు వత్తురు. అవి మనుష్యులు లేని పేర్లు. వారికి చీర కట్టజాలము. లక్షలమంది అనుచరులున్నవారు వచ్చి, చీర ఉచితముగా ఇండు, పొగడెదము అందురు. ఇచ్చుట ఇవ్వకపోవుట మీ ఇష్టము. కాని అట్లు ప్రతిఫలము పుచ్చుకొని చెప్పుచున్నామని చూచువారికి తెలుపవలెనని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మార్గదర్శకములు ఇచ్చినది. దాచిపెట్టుమని ఎవరైన చెప్పిన, ఆ చీర ఇంటిలోనే ఉండనిండు.

'డబ్బు పంపుచున్నాము, ఈ గళ్ళ బొమ్మను స్కాను చేసి మీ పిన్ను నొక్కుడు' అని కొనువాని వేషమున ఫోను చేయువారు గలరు. పిన్ను డబ్బు ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఈ ఒక్క సంగతి తెలియక నెలల కష్టము పోగొట్టుకొన్నవారిని మేము చూచితిమి. మోసము జరిగినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఒకటి ఉన్నది. ఉదయము ఆ పెద్దాయనయే దానిని అడిగెను. నూలు సేటుది, రంగు సేటుది, నమూనా సేటుది. నా పేరు చెప్పుకొన్నచో రేపు నూలు ఎవరిత్తురు? ఈ ప్రశ్నను తేలిక చేసి మాట్లాడు అధికారము మాకు లేదు. సేటు నమూనాతో సేటుకు నేసిన చీరను ఆయన అనుమతి లేక ఫోనులో పెట్టరాదు. అది న్యాయము గాదు. కాని నేయు విధానము ఎవరి సొత్తును గాదు. చిటికి కట్టు చేయి మీది. రంగు కలుపు తీరు మీది. దానిని చూపుటకు ఎవరి సెలవు అక్కరలేదు. సాహసింపగలవారు ఏడాదికి ఒక్క పడుగు సొంతముగా ఎక్కించి, ఇద్దరు ముగ్గురు కలిసి నూలు తెచ్చుకొని, ఆ కొద్ది చీరలకు తమ పేరు పెట్టి చూడవచ్చును. తక్కిన పడుగులు యథాప్రకారము సాగనిండు. కొందరు సేట్లు గూడ చీరతో నేతగాని పేరు చీటీ పంపుటకు అంగీకరించిరని విన్నాము. పేరున్న చీరకు ఆయనకును రెండు రూపాయలు ఎక్కువ వచ్చును గదా. అడిగి చూచుటలో తప్పు లేదు. సంఘము ద్వారా అడిగినచో మరియు మంచిది.

భౌగోళిక సూచిక ఊరందరి ఉమ్మడి ఆస్తి. దానిని ఉపయోగించు అధికారము గలవారిగా నేతపనివారు తమ పేర్లు నమోదు చేసికొనవచ్చును. 2006 నుండి వచ్చుచున్న చేనేత గుర్తు చీటీ గూడ చీరకు కట్టుడు. మర మగ్గపు చీరను చేనేత అని ఒకసారి అమ్మినచో పోవునది మీ పేరు మాత్రమే గాదు, ప్రక్క ఇంటివాని పేరు గూడ పోవును. దీనిని గూర్చి మీలో మీరు కఠినముగా ఉండవలెను. మేము మర్యాదకు మెత్తగా చెప్పుచున్నాము.

ఫోను పట్టుకొని కూర్చున్నచో నేయునదెవరని ముందు వరుసలోని అమ్మ ఇందాక అడిగినారు. మంచి ప్రశ్న. దినమునకు పావుగంట చాలును. అంతకు మించినచో అది వ్యసనమే. మా ఇంట కూడ ఆ వ్యసనము ఉన్నది, కావున తెలిసి చెప్పుచున్నాము. వారమునకు ఒక్క వీడియో పెట్టినను, ఒక సంవత్సరము విడువక పెట్టవలెను. మొదటి ఆరు నెలలు బంధువులు తప్ప ఎవరును చూడకపోవచ్చును. పెట్టిన మరునాడే ఆర్డరు రాలేదని విసిగినవారు మాకు చాలమంది తెలియును.

ఉదయము మేము చూచిన పెద్దాయన వెనుక వరుసలో ఉన్నారు. తన పేరు చెప్పుటకు ఆయన ఇంకను ఒప్పుకొనలేదు. భార్య పేరు చెప్పుటకు మాత్రము ఒప్పుకొన్నారు. మంచిదే, అచటనే మొదలగుగాక. ఇంటరు చదువుచున్న ఆయన మనుమరాలు ఫోను పట్టుకొనునట. వసారాలో సాయంకాలపు ఎండ ఇంకొక గంట ఉండును. చిటికి కట్టిన నూలును మడచి లోపల పెట్టవలదని ఎవరైన ముందుగా పోయి ఆమెకు చెప్పుడు. చూడదలచినవారు మాతో రండు. మగ్గపు గదిలో చోటు తక్కువ, చెప్పులు బయటనే విడువుడు.